రాజన్న సన్నిధిలో ఒక నిద్ర

యాత్రికులలో రెండు తెగలవారు ఉన్నారు. చూడవలసినవి చూచుకొని సాయంకాలానికి ఇల్లు చేరేవారు ఒక తెగ. చేరిన చోటనే పడుకొని, ఆ ఊరు ఎట్లా మేలుకొంటుందో చూచి మరీ కదిలేవారు రెండవ తెగ. 1960వ దశకం చివర, 1970వ దశకంలోను పడమటి దేశాల యువతీయువకులు ఎందరో ఇస్తాంబుల్, టెహరాన్, కాబూల్ నగరాల మీదుగా బస్సులలో భారతదేశానికి వచ్చి, గోవాలోని అంజునా వంటి సముద్రతీర గ్రామాలలో నెలల తరబడి నిలిచిపోయారు. వీపున ఒక సంచి, చేతిలో కొద్దిపాటి సొమ్ము, తొందర లేని ఊరు - వారు కోరినవి ఈ మూడే. 1979లో ఇరాన్ విప్లవం, అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సేనల ప్రవేశం ఆ భూమార్గానికి అడ్డుకట్ట వేసినవి. కాని వీపుసంచి యాత్ర మాత్రం లోకమంతటా అలవాటై నిలిచినది.

ఇది పరదేశీయులు నేర్పిన విద్య అని విద్యార్థులు అనుకొంటే పొరపాటు. సముద్రపు గాలి సోకని వేములవాడలో ఇది తరతరాలుగా సాగుతున్నది. అక్కడ వీపుసంచికి బదులు నెత్తిన మూట. ఇసుక తిన్నెలకు బదులు ధర్మగుండం మెట్లు.

కరీంనగరానికి పడమటగా, సిరిసిల్లకు చేరువలో, మూలవాగు ఒడ్డున ఉన్న ఈ పట్టణం 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. జిల్లా పేరులోని రాజన్న ఈ ఊరి రాజరాజేశ్వరస్వామియే. పల్లెజనం ఆయనను ఇంటి పెద్దను పిలిచినట్లు పిలుస్తారు. బిడ్డకు జబ్బు చేసినా, పంటకు చేటు వచ్చినా "నీ దగ్గరికి వచ్చి నిద్ర చేస్తాము" అని మొక్కుకొంటారు. దర్శనం చేసుకొని పోతే ఆ మొక్కు తీరినట్లు కాదు. ఒక రాత్రి అక్కడ వెన్ను వాల్చవలెను.

ఆ రాత్రికి ముందు చేయవలసిన పనులు చాలా ఉన్నవి. గుండంలో స్నానం, పిల్లల తలనీలాలు, ఎత్తు బెల్లం తూచి పంచడం. అన్నిటికంటె ముఖ్యమైనది కోడె మొక్కు. తడిబట్టలతో కోడె పగ్గం పట్టుకొని గుడిచుట్టూ ప్రదక్షిణం చేసి, దానిని స్వామి సన్నిధిలో కట్టివేస్తారు. నంది శివుని వాహనం. కోడె రైతుకు సర్వస్వం. తన బ్రతుకుతెరువును దేవునికి అప్పగించడమే దాని భావము. ఆ తరువాత బద్ది పోచమ్మకు బోనం. ప్రాంగణంలోని దర్గాను కూడా సేవించి పోవడం భక్తుల పాత ఆచారం. రెండేండ్లకొకసారి సమ్మక్క సారలమ్మల జాతరకు మేడారం పోయేవారు ముందు రాజన్నను చూచి పోవడం కూడా ఇటువంటిదే. పొద్దు వాలిన తరువాత మూడు రాళ్ల పొయ్యి వెలుగుతుంది. పక్క పొయ్యివారిది ఏ ఊరో, ఏ కులమో తెలియకముందే నిప్పు, ఉప్పు చేతులు మారుతాయి.

ఈ నిద్రకు స్థలపురాణంలోనే మూలమున్నది. ఋషిహత్యా దోషంతో రోగపీడితుడైన నరేంద్రుడనే రాజు ధర్మగుండంలో స్నానమాడి స్వస్థుడైనాడట. స్వామి అతనికి కలలో కనబడి, గుండం అడుగున ఉన్న లింగాన్ని ప్రతిష్ఠించమని ఆనతిచ్చినాడట. నిద్రించినవానికే కల, కల కన్నవానికే గుడి! ఒక్క మహాశివరాత్రినాడు మాత్రం ఈ నియమం తలక్రిందులవుతుంది. ఆనాడు లక్షలాది జనం కన్ను మూయకుండా జాగరం చేస్తారు.

నిలిచి చూచేవారికి ఊరు తన చరిత్రను కూడా విప్పిచెబుతుంది. లేంబులవాటిక అనే పేరుతో ఇది చాళుక్యశాఖ ఒకదానికి రాజధాని. నలువదిరెండు యుద్ధాలు గెలిచినాడని శాసనాలు పొగడిన బద్దెగుడు ఇక్కడివాడే. ఆయన కట్టించిన ఆలయమే నేటి భీమేశ్వరాలయమని చరిత్రకారుల అభిప్రాయం. 941లో ఆదిపురాణాన్ని రచించిన కన్నడ కవి పంపడు ఇక్కడి రెండవ అరికేసరి ఆస్థానాన్ని అలంకరించినాడు. పంపని తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపాన కురిక్యాల బొమ్మలమ్మగుట్టపై చెక్కించిన శాసనంలో సంస్కృత కన్నడాలతోపాటు మూడు తెలుగు కందపద్యాలున్నవి. అవి నన్నయకు సుమారు నూరేండ్లు ముందటివి. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లే విహారయాత్రలో ఆ గుట్ట ఎక్కడానికి తీరిక దొరకదు.

ఇప్పుడు ఈ ఊరికి సముద్రం వంటి నీరు కూడా వచ్చినది. మానేరుపై కట్టిన మధ్య మానేరు జలాశయానికి రాజరాజేశ్వరస్వామి పేరే పెట్టినారు. అందులో 25 టి.ఎం.సీ.లకు పైగా నీరు పట్టును. చూపరులకు అది కన్నుల పండువ. కాని కొదురుపాక, కొడుముంజ, అనుపురం వంటి ఊళ్లవారికి ఆ నీటి అడుగున ఉన్నవి తమ ఇండ్లు, పొలాలు. ఒక పూట నిలిచి, అక్కడివారితో మాట్లాడినవారికే ఈ సంగతి తెలుస్తుంది. తొందరలో ఉన్నవారికి నీరు మాత్రమే కనబడుతుంది.

అయితే గోవా తీరపు యాత్రికునికి, రాజన్న భక్తునికి ఒక భేదమున్నది. మొదటివాడు తెచ్చుకొన్న బీదరికం సరదాకు. రెండవవానిది పుట్టుకతో వచ్చినది. గుడి ముంగిట నేలపై పడుకొనేవారందరూ ఇష్టంతో పడుకోరు. గది దొరకక, దొరికినా అద్దె ఇచ్చుకోలేక పడుకొనేవారు ఎందరో. వారి నిద్రను అందమైన దృశ్యంగా వర్ణించి ఊరుకోవడం న్యాయం కాదు. వానకు తడవని కప్పు, త్రాగే నీరు, ఆడవారికి చాటు, రాత్రంతా వెలిగే దీపం - ఇవి వారికి దక్కవలసిన మర్యాదలు. పుణ్యక్షేత్రం పెరిగేకొద్దీ గదులు పెరుగుతాయి, అంగళ్లు పెరుగుతాయి. ఉచితంగా పడుకొనే చోటు మాత్రం తరిగిపోయే ప్రమాదమున్నది. క్షేత్రం గొప్పదనాన్ని కొలువవలసినది గోపురం ఎత్తుతో కాక, మూటతో వచ్చినవానికి మిగిల్చిన నేలతో.

రహదారులు బాగుపడి, ఉదయం బయలుదేరి రాత్రికి ఇల్లు చేరడం నేడు సులువైనది. వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు అది మేలే. కాని బడి పిల్లలను వేములవాడకు తీసుకుపోయే ఉపాధ్యాయులు వీలైతే ఒక రాత్రి అక్కడ ఉండేటట్లు ఏర్పాటు చేయవలెను. తెల్లవారుజామున చలికి వణుకుతూ గుండం మెట్లు దిగే రైతును, అతని భుజంపై నిద్రమత్తులో ఉన్న బిడ్డను చూచిన పిల్లవానికి మొక్కు అంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కరలేదు.