మొదలే తడబడితే

తప్పులు వెతికే డీబగ్గరే కుప్పకూలితే ఎవరిని అడగాలి? నాలుగైదు లైన్లు మారిస్తే సరిపోయే లోపం వెనుక ఏ పని ముందు, ఏది తర్వాత అన్న పెద్ద ప్రశ్న దాగి ఉంది.

1981 ఏప్రిల్ 10. ఫ్లోరిడాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రం. తొలి స్పేస్ షటిల్ కొలంబియాలో జాన్ యంగ్, రాబర్ట్ క్రిపెన్ సిద్ధంగా కూర్చున్నారు. ప్రయోగానికి దాదాపు 20 నిమిషాల ముందు కౌంట్‌డౌన్ ఆగిపోయింది. నౌకలోని నాలుగు ప్రధాన కంప్యూటర్లతో అయిదోదైన ప్రత్యామ్నాయ కంప్యూటర్‌కు పొత్తు కుదరలేదు. కారణం యంత్రాల్లో లేదు, సాఫ్ట్‌వేర్ మొదలైన తీరులో ఉంది. కంప్యూటర్లు ఆన్ చేసిన క్షణంలో జరగాల్సిన పనుల్లో ఒకటి కాస్త తప్పు సమయంలో పడింది. అలా జరిగే అవకాశం 67 సార్లలో ఒక్కసారే. అంతకు ఏడాది, రెండేళ్ల ముందు చేసిన చిన్న మార్పులే ఆ సందు తెరిచాయి. పరీక్షల్లో దాన్ని పసిగట్టలేకపోయారు. ప్రధాన కంప్యూటర్లను మళ్లీ మొదటి నుంచి ప్రారంభించి, రెండు రోజుల తర్వాత షటిల్‌ను పంపించారు.

ఇలాంటి లోపానికి నేటికీ కాలం చెల్లలేదు. విచిత్రమేమిటంటే, ఇతర ప్రోగ్రామ్‌ల తప్పులు పట్టించే డీబగ్గర్లు కూడా దీని బారిన పడతాయి. వైద్యుడికే జబ్బు చేసినట్టన్నమాట.

ప్రపంచంలో బాగా వాడుకలో ఉన్న డీబగ్గర్లలో ఒకటి జీడీబీ. ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో దీనికి శ్రీకారం చుట్టారు. ప్రాసెసర్‌కు తెలిసినవల్లా అంకెల రూపంలోని చిరునామాలే. ఏదైనా ప్రోగ్రామ్ చచ్చిపడితే అది చెప్పేది 'ఫలానా చిరునామాలో ఆగిపోయాను' అని మాత్రమే. ఆ అంకెను 'ఫలానా ఫైల్‌లో, ఫలానా ఫంక్షన్‌లో, 212వ లైన్' అని మనిషి భాషలోకి మార్చేవి సింబల్స్. కంపైలర్ వాటిని ప్రోగ్రామ్‌తో పాటు రాసి పెడుతుంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌లలో ఈ సమాచారం వందల మెగాబైట్లు దాటి గిగాబైట్లకు కూడా చేరుతుంది. డీబగ్గర్ మొదట చేయాల్సిన పని దీన్ని చదవడమే. అక్కడే కూలిపోతే ఇక దాని వల్ల ప్రయోజనం లేదు.

పుట్టకముందే పిలుపు

మూడు దశాబ్దాలు సీ భాషలో సాగిన జీడీబీ ఆ తర్వాత సీ ప్లస్ ప్లస్‌కు మళ్లింది. 2017లో విడుదలైన 8.0 వెర్షన్ నుంచి దాన్ని తయారుచేయాలంటే ఆ భాషలోని 2011 ప్రమాణాన్ని పాటించే కంపైలర్ తప్పనిసరైంది. దీంతో ఎన్నో సౌకర్యాలు వచ్చాయి, వాటితో పాటు ఒక పాత చిక్కు కూడా. సీ ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రామ్ మొత్తానికీ అందుబాటులో ఉండే గ్లోబల్ వస్తువులు సాధారణంగా 'మెయిన్' ఫంక్షన్ మొదలవకముందే రూపుదిద్దుకుంటాయి. ఒకే ఫైల్‌లో ఉన్నవాటికి వరుస ఉంది: ముందు రాసినది ముందు. వేర్వేరు ఫైళ్లలో ఉన్నవాటిలో ఏది ముందన్నది మాత్రం భాష చెప్పదు. చాలాసార్లు లింకర్‌కు ఫైళ్లు అందిన క్రమమే దాన్ని నిర్ణయిస్తుంది.

సింబల్స్ చదివే విభాగాన్నే తీసుకోండి. ఒక ఫైల్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఏ రకం ఫైళ్లను ఏ రీడర్ చదువుతుందో అందులో నమోదు కావాలి. మరో ఫైల్‌లోని రీడర్ తనంతట తాను పుడుతూనే అందులో పేరు రాయించుకోబోతుంది. కానీ పట్టికే ఇంకా పుట్టలేదు! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. పట్టిక ఉండాల్సిన చోట ఉన్నవి సున్నాలే. పట్టిక తీరును బట్టి, సున్నాతో భాగించబోయో, సున్నా చిరునామాలో రాయబోయో ప్రోగ్రామ్ కూలిపోతుంది.

అంతకన్నా ప్రమాదకరమైనది కూలిపోకపోవడం. కొన్ని రకాల పట్టికలు సున్నాల స్థితిలోనూ పేరు స్వీకరిస్తాయి. ఆ తర్వాత అసలు నిర్మాణం జరిగినప్పుడు పాత పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అప్పుడు డీబగ్గర్ మామూలుగానే నడుస్తుంది, కానీ సింబల్స్ దొరకలేదని అంటుంది. ఒక యంత్రంలో పనిచేసింది మరో యంత్రంలో పనిచేయదు. కంపైలర్ మారిస్తే, చివరికి బిల్డ్‌లో ఒక కొత్త ఫైల్ చేర్చినా ఫలితం మారుతుంది.

వరుస మార్చడం మందు కాదు

ఫైళ్ల క్రమం అటూఇటూ చేయడం ఇలాంటి సందర్భంలో తొలుత తట్టే చిట్కా. అది నొప్పి తగ్గించే మాత్రే, జబ్బు అలాగే ఉంటుంది. జీడీబీ రూపకర్తలు మొదటి నుంచీ మరో దారి ఎంచుకున్నారు. ప్రతి విభాగానికీ ఒక చిన్న ప్రారంభ ఫంక్షన్ ఉంటుంది. బిల్డ్ సమయంలో వాటి జాబితా దానంతటదే తయారవుతుంది. 'మెయిన్' మొదలయ్యాకే వాటిని పిలుస్తారు కాబట్టి అప్పటికి పట్టికలు సిద్ధంగా ఉంటాయి. సింబల్ రీడర్లు తమ పేర్లు నమోదు చేసుకునేది ఈ దశలోనే. అయితే ఈ ఫంక్షన్లలో ఒకటి మరోదాని మీద ఆధారపడితే ప్రశ్న మళ్లీ మొదటికి వస్తుంది.

మరో మందు, వస్తువును ఒక ఫంక్షన్ లోపల దాచి, మొదటిసారి అడిగినప్పుడే నిర్మించడం. రెండు థ్రెడ్లు ఒకేసారి అడిగినా ఒక్కసారే నిర్మాణం జరుగుతుందని 2011 ప్రమాణం హామీ ఇస్తోంది. 2020లో వచ్చిన జీడీబీ 10, సింబల్స్‌ను పలు థ్రెడ్లతో చదవడాన్ని మామూలు పద్ధతిగా మార్చింది కాబట్టి ఈ హామీకి విలువ పెరిగింది. సీ ప్లస్ ప్లస్ 2020 ప్రమాణంలో ఇంకో ఆయుధం చేరింది. ప్రోగ్రామ్ నడవకముందే విలువ సిద్ధం కావాలని ముందే షరతు పెట్టవచ్చు. అది కుదరకపోతే కంపైలరే ఒప్పుకోదు.

డీబగ్గర్‌లో తప్పును వెతకడం ఎలా? ఒక జీడీబీని మరో జీడీబీ కింద నడిపిస్తారు. ఏది రోగి, ఏది వైద్యుడన్న అయోమయం లేకుండా పైదానికి వేరే పేరుతో ప్రాంప్ట్ కనిపించే ఏర్పాటు కూడా ఉంది.

ఇదంతా నిపుణుల గొడవ అనుకుంటే పొరపాటు. ఒక బ్యాంకు సర్వర్ అర్ధరాత్రి ఆగిపోతే చాలాసార్లు మిగిలే సాక్షి, చనిపోతూ అది వదిలిన మెమరీ చిత్రమే. ఆ సాక్షి చేత మాట్లాడించేది డీబగ్గర్. సింబల్స్ చదువుతూ అదే కూలితే విచారణ అక్కడితో ఆగిపోతుంది. హైదరాబాద్, బెంగళూరుల్లోని ఇంజనీర్లు రోజూ వాడే ఇలాంటి పరికరాలు ఎవరో ఒక విక్రేత సొత్తు కాదు. లోపం కనిపించిన ఎవరైనా సోర్స్ తెరిచి చూడవచ్చు, సవరణ పంపవచ్చు. వాడుకునే చేతులతో పోలిస్తే సరిచేసే చేతులు చాలా తక్కువ కాబట్టే ఆ హక్కును వాడుకోవడం ముఖ్యం.

కొలంబియాను ఆనాడు మళ్లీ స్విచ్ వేసి గట్టెక్కించారు. ప్రారంభం ఒకసారి సవ్యంగా జరిగితే ఆ ప్రయాణానికి ముప్పు తప్పినట్టే. డీబగ్గర్‌కు ఆ వెసులుబాటు లేదు. అది రోజుకు వేల చోట్ల, వేల సార్లు మొదలవుతుంది. 67లో ఒక్కసారి వచ్చే తప్పు అక్కడ అరుదైనది కాదు, నిత్యకృత్యం.