బ్రేకు నొక్కితే సైకిలు వణుకుతోందా?

ఒకప్పుడు సైకిలు బ్రేకంటే చక్రం రిమ్ముని అటూ ఇటూ పట్టుకునే రెండు రబ్బరు ముక్కలు. ఇప్పుడు హైస్కూలు పిల్లల సైకిళ్ళకి కూడా మోటారు సైకిళ్ళకి మల్లే డిస్క్ బ్రేకులొచ్చేశాయి. వానలో కూడా బాగా పనిచేస్తాయి, నిజమే. కానీ వాటికొచ్చే జబ్బులు మనకి కొత్త. అందులో ముఖ్యమైంది ఈ వణుకు. బ్రేకు నొక్కగానే హ్యాండిలు జివ్వుమంటుంది, ముందు ఫోర్కు దడదడలాడుతుంది. పిల్లలు భయపడి బ్రేకు వదిలేస్తారు. ప్రమాదమంతా అక్కడే ఉంది. చీకటి పడ్డాక ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల, ఆటో అడ్డొచ్చిన క్షణంలో బ్రేకు వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అసలెందుకు వణుకుతుంది?

చక్రం మధ్యలో సన్నటి ఉక్కు పళ్ళెం ఉంటుంది. అదే డిస్కు. దాన్ని పట్టకారులా పట్టుకునేది క్యాలిపర్. అందులో రెండు ప్యాడ్లుంటాయి. బ్రేకు నొక్కితే ఆ ప్యాడ్లు డిస్కుని బిగించి పట్టుకుంటాయి. పట్టు ఒక్కలా ఉంటే సైకిలు మెత్తగా ఆగుతుంది. పట్టుకుని జారి, మళ్ళీ పట్టుకుని జారితే వణుకు మొదలవుతుంది. ఎక్కడైనా బోల్టు వదులుగా ఉందంటే ఆ కాస్త వణుకే పెద్దదై చేతుల దాకా వస్తుంది.

ముందు వదులు చూడండి

మా ఎదురింటి ఇంటర్ అమ్మాయి "బ్రేకేస్తే చేతులు జివ్వుమంటున్నాయి పిన్నీ" అని నెల రోజులు బాధపడింది. కొన్న షాపులో "కొత్త డిస్కు అలాగే ఉంటుందమ్మా, అరిగితే అదే పోతుంది" అని పంపేశారు. చివరికి మా వీధి చివర సైకిళ్ళు బాగుచేసే తాత బ్రేకు జోలికే పోలేదు. ముందు బ్రేకు నొక్కి పట్టుకుని సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపాడు. "చూడమ్మా, మెడ దగ్గర కొట్టుకుంటోంది" అన్నాడు. హ్యాండిలు కింద బేరింగు వదులైంది. అది బిగించగానే వణుకు పోయింది.

ఈ పరీక్ష మనమూ చేసుకోవచ్చు. ఒక చేత్తో ముందు బ్రేకు నొక్కండి. రెండో చేతి వేళ్ళు హ్యాండిలు కింద, ఫోర్కు సైకిలు ఫ్రేములోకి వెళ్ళే చోట ఆనించి, సైకిల్ని ఊపండి. వేళ్ళకి టకటకమని తెలిస్తే ఆ బేరింగు బిగించాలి.

తర్వాత చక్రాన్ని పైన పట్టుకుని పక్కలకి కదపండి. ఇరుసు దగ్గర ఆడితే ఇరుసు నట్టో, చక్రం బేరింగో వదులైనట్టు. క్యాలిపర్ని ఫోర్కుకి పట్టి ఉంచే రెండు బోల్టులు, డిస్కుని చక్రానికి బిగించే బోల్టులు (చాలా సైకిళ్ళకి ఆరుంటాయి) కూడా చూడండి. వీటిలో ఏది వదులుగా ఉన్నా బిగించే దాకా సైకిలు ఎక్కనివ్వద్దు.

డిస్కు వంకర పోయిందా?

సైకిలు స్టాండులో బ్రేకులు మీదికి ఏదైనా పడ్డా డిస్కు వంగుతుంది. చక్రం ఎత్తి తిప్పుతూ, రెండు ప్యాడ్ల మధ్య సందులోంచి చూడండి. డిస్కు అటూ ఇటూ ఊగుతుంటే వంగినట్టే. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకే చోట "సర్" మని రాసుకోవడం కూడా దీని గుర్తే. కొద్ది వంకరైతే తెలిసిన మెకానిక్కు సరిచేస్తాడు. ఎక్కువైతే మార్చాల్సిందే.

నూనె చేతులు దూరం

వదులూ లేదు, వంకరా లేదు, అయినా వణుకుతోందా? కీచుమంటోందా? డిస్కుకి జిడ్డు అంటి ఉంటుంది. తలకి నూనె రాసుకున్న చేత్తో ముట్టుకున్నా, చైనుకి కొట్టిన ఆయిల్ స్ప్రే తుంపర పడ్డా చాలు. చప్పుడు పోతుందని బ్రేకుకి నూనె మాత్రం వెయ్యకండి. వేస్తే బ్రేకు పట్టదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ శుభ్రమైన గుడ్డకి అద్ది డిస్కు రెండు వైపులా తుడవండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, అంటుకుంటుంది. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే ఎంత తుడిచినా లాభం లేదు, కొత్తవి వేయించాలి.

కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కు వేయించినప్పుడు వాటికి అలవాటు కూడా చెయ్యాలి. ఖాళీ రోడ్డు మీద కాస్త వేగంగా వెళ్ళి, చక్రం పూర్తిగా ఆగిపోకుండా నడక వేగానికి వచ్చేదాకా బ్రేకు నొక్కి వదలాలి. ఇలా పదిహేను, ఇరవై సార్లు చేస్తే ప్యాడ్ల పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. అది సమంగా లేకపోయినా వణుకే మరి!

రెండు జాగ్రత్తలు

తిరుగుతున్న డిస్కు దగ్గర పిల్లల వేళ్ళు పెట్టనివ్వకండి, కత్తిలా కోస్తుంది. గట్టిగా బ్రేకులేస్తూ వచ్చిన వెంటనే డిస్కు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకైతే చక్రం తీసినప్పుడు లీవరు నొక్కకూడదు. ప్యాడ్లు దగ్గరికొచ్చేసి మళ్ళీ డిస్కు లోపలికి దూరదు.

బిగించడం మన వల్ల కాకపోతే మెకానిక్కు ఉండనే ఉన్నాడు. కాకపోతే "బ్రేకు బాగాలేదు" అని ఊరుకోకుండా, "ఊపితే మెడ దగ్గర కొట్టుకుంటోంది, చూడు బాబూ" అని చెప్పండి. అతను వెతుక్కునే పనీ తగ్గుతుంది, అక్కర్లేని ప్యాడ్ల ఖర్చూ మిగులుతుంది. ఈ ఆదివారం పిల్లని పక్కన నిలబెట్టుకుని ఈ పరీక్షలు చెయ్యండి. వచ్చేసారి తనే చూసుకుంటుంది.