గిడ్డంగి నుండి గృహానికి

లండన్ నగరంలో థేమ్స్ నది దక్షిణ తీరాన, టవర్ బ్రిడ్జి చెంత బట్లర్స్ వార్ఫ్ అనే గిడ్డంగుల సముదాయం ఉన్నది. 1871–73 సంవత్సరాల నడుమ నిర్మితమైన ఈ ఇటుక కట్టడాలు తేయాకు నిల్వలకు ప్రసిద్ధి పొందాయి. వీటి వెనుక షాడ్ థేమ్స్ అనే ఇరుకు వీధి ఉన్నది. ఇరువైపుల భవనాలను కలుపుతూ తలపై సాగే ఇనుప వంతెనల మీదుగా కూలీలు సరకులు తరలించేవారు.

కంటైనర్ నౌకలు వచ్చిన పిమ్మట వర్తకం నదీముఖం వైపునకు తరలిపోయింది. 1972లో గిడ్డంగులు మూతపడ్డాయి. కొంతకాలం ఆ విశాలమైన అంతస్తులలో చిత్రకారులు, శిల్పులు పనిచేసుకొన్నారు. 1980వ దశకంలో టెరెన్స్ కాన్రన్ ప్రభృతులు వీటి పునర్నిర్మాణానికి పూనుకొన్నారు. పై అంతస్తులు విలాస గృహాలయ్యాయి.

ఇట్టి మార్పు తేలిక కాదు. గిడ్డంగిని సరకు కొరకు కట్టారు గాని మనిషి కొరకు కాదు. భవనం లోతు ఎక్కువ, కిటికీలు తక్కువ. అందువలన కూర్చునే గదులను కిటికీల వెంబడి, స్నానపు గదులను చీకటి నడిభాగంలో అమర్చుతారు. పోత ఇనుప స్తంభాలు చూపులకు ఇంపైనవే గాని, అగ్నిప్రమాదంలో కాగిన స్తంభంపై చన్నీరు పడితే అది పగిలిపోవచ్చు. కనుక వేడికి ఉబ్బి రక్షణపొరగా మారే రంగును పూస్తారు. కొయ్య అంతస్తుల గుండా పై ఇంటివారి అడుగుల చప్పుడు క్రిందికి వినబడకుండ వేరొక పొర వేయవలసి ఉంటుంది.

అన్నింటికన్న మెలకువ కోరేది గోడ. ఆనాటి ఇటుక గోడ వాన తడిని పీల్చుకొని, సున్నపు అతుకుల గుండా తిరిగి విడిచిపెడుతుంది. సున్నాన్ని తొలగించి సిమెంటు నింపితే తడికి దారి మూసుకుపోతుంది. అది ఇటుకలోనే నిలిచి, చలికాలంలో గడ్డకట్టి, ఇటుక ముఖాన్ని పెళ్ళలుగా రాల్చివేస్తుంది. మండువా లోగిళ్ళకు సిమెంటు పూయించే మనవారు కూడ ఈ సంగతి గమనింపదగును. కొత్త మెరుగుల కన్న ఈ సున్నపు పనిపై వెచ్చించిన ధనమే సార్థకమని నా అభిప్రాయం.

ఇక్కడి భవనాలలో కొన్నింటికి దాల్చినచెక్క, ఏలకులు, లవంగం మున్నగు దినుసుల ఆంగ్లనామాలు పెట్టారు. మూటలు మోసిన కూలీలు రేవుతోపాటే వెడలిపోయారు. చిత్రకారులకు సైతం ఆ ఇండ్ల వెలలు అందలేదు.