మంచికీ చెడ్డకీ నడుమ మాంత్రికుడు

జానపద నవల అనగానే మన విమర్శకుల్లో చాలామంది ముఖం పక్కకు తిప్పుకుంటారు. రాకుమారి, రాక్షసుడు, మంత్రదండం, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం - ఇదంతా జనం దృష్టిని వాస్తవ జీవితం నుంచి మళ్ళించే మత్తుమందు అని తేల్చేయడం తేలిక. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఒక ప్రక్రియను అందులోని నాసిరకం సరుకును బట్టి తూచడం న్యాయం అనిపించుకోదు. మంచివాడనీ చెడ్డవాడనీ ఒక్క ముక్కలో తేల్చలేని పాత్రలు ఈ అద్భుత కథల్లో ఉన్నాయి. అవి ఎందుకు అవసరమయ్యాయి, వాటిని రచయిత ఎలా నిర్వహించాలి అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

అద్భుతాన్ని తీర్పుతో ముడిపెట్టే అలవాటు మనకు పాతదే. బేతాళ కథలనే తీసుకోండి. ప్రతి కథ చివరా ఒక చిక్కుప్రశ్న ఉంటుంది. తప్పు ఎవరిది? త్యాగం ఎవరిది? సమాధానం తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే పడ్డ శ్రమంతా వృథా అయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే తీర్పు చెప్పడానికీ ఒక ఖరీదు ఉందన్నమాట. ఈ కథలన్నిటికీ చట్రమైన అసలు కథ మరీ గమనించదగ్గది. రాజును పంపిన భిక్షువు అతన్నే బలి ఇవ్వాలనుకుంటాడు. ఆ గుట్టు బేతాళుడి వల్ల తెలుసుకున్న రాజు భిక్షువునే నరుకుతాడు. బలి తప్పలేదు, బలి అయినవాడు మారాడు.

ఈ ఎత్తుకు పైఎత్తే 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లోనూ కనిపిస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథల’లోని కథ ఆధారంగా, బందరు నాటకరంగంలో కలం పదును పెట్టుకున్న పింగళి నాగేంద్రరావు దాన్ని రాశారు. తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని ప్రేమిస్తాడు. తనతో సమానంగా ఐశ్వర్యం సంపాదించుకు రమ్మంటాడు రాజు. నేపాళ మాంత్రికుడికి బలి ఇవ్వడానికి ఒక సాహసి కావాలి. చివరకు ఆ బలిపీఠం మీద తల తెగింది మాంత్రికుడిదే. కోరిన కోరికలు తీర్చే ప్రతిమ రాముడి చేతికి వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి. మాంత్రికుణ్ణి చంపడం ఆత్మరక్షణ. సరే. మరి ఆ చావుకు ప్రతిఫలంగా ప్రతిమను అందుకోవడం? కోరినది ఇద్దరూ ఒకటే, ఎత్తిన కత్తి ఒకటే. తేడా ఒక్కచోట ఉంది. మాంత్రికుడు మరొకరి ప్రాణాన్ని ముందే లెక్కగట్టి పెట్టుబడిగా తెచ్చాడు. రాముడు ప్రాణం మీదకు వచ్చినప్పుడు తెగించాడు. ఇక రాజు సంగతి చూడండి. అల్లుడికి ఐశ్వర్యం ఉండాలన్నదే ఆయన షరతు. అది ఏ దారిన రావాలన్నది ఆ షరతులో లేదు. పేదవాణ్ణి బలిపీఠం దాకా నడిపించింది ఆ షరతే. నెత్తురంటింది మాంత్రికుడి కత్తికి. నేరం మూలం సింహాసనం మీద ఉంది. కాని కథ అటువైపు వేలు చూపదు. మాంత్రికుణ్ణి పూర్తిగా దుర్మార్గుణ్ణి చేసి, రాముడి చేతులు కడిగేసి, రాజును పెళ్ళిపెద్దగా కూర్చోబెడుతుంది. మనకు కావలసిన ప్రశ్నను తానే పుట్టించి తానే దాచేసింది.

దాచడానికి మన సాహిత్యంలో ఇంకా పాత ఉపాయం ఒకటుంది. 16వ శతాబ్దపు పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో శాలీనుడనే భర్త ఉన్నాడు. నగలతో సింగారించుకున్న భార్య సుగాత్రి మీద అతనికి మనసు పోదు. తోటపనిలో చెమటోడ్చిన సుగాత్రిని చూసి వలచాడు. శ్రమలో సౌందర్యం చూసిన ఈ మనిషే తరవాత మణిస్తంభుడనే సిద్ధుడై, కలభాషిణిని బలి ఇవ్వడానికి ఎత్తుకుపోతాడు. ఎంత గొప్ప పాత్ర కాగలిగినవాడు! అయితే జరిగినదంతా బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ నిజం కావడమేనని కావ్యం తేలుస్తుంది. కూర్పు అద్భుతమే. కాని ఆ కూర్పులో మనిషి బాధ్యత జారిపోతుంది. శాపం, వరం, పూర్వజన్మ - ఈ మూడూ పాత్రను నేరం నుంచి తప్పించే దొడ్డిదారులు.

ఆ దారులకు దూరంగా జరిగే ప్రయత్నం మన కాలంలో ‘చందమామ’ పుటల్లో కనిపిస్తుంది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకూ ఆ పత్రికను నడిపారు. హేతువాది, మార్క్సిస్టు అయిన రచయిత మంత్రతంత్రాల కథలను అంత శ్రద్ధగా దిద్దారన్న సంగతిని మనం ఆలోచించవలసి ఉంది. ఆయన పక్కనే గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని వరుసగా జానపద సీరియల్ నవలలు రాశారు. ఆయన ‘ముగ్గురు మాంత్రికులు’లో పద్మపాదుడు మాంత్రికుడే. పింగళుడితో అతనికి పని ఉంది, స్వార్థం ఉంది, స్నేహమూ ఉంది. పింగళుడికి కీడు తలపెట్టిన అన్నలకు మాత్రం మంత్రం ఒక్కటీ రాదు, ఉన్నది అత్యాశ. మంత్రం తెలిసినవాడు నమ్మదగినవాడు కావచ్చు, తోడబుట్టినవాడు ద్రోహి కావచ్చు. పుట్టుకనూ వృత్తినీ చూసి తీర్పు చెప్పరాదన్న పాఠం చదువుకునే పిల్లలకు ఇంతకంటే సూటిగా ఎలా అందుతుంది?

పాశ్చాత్య దేశాల్లో ఈ ధోరణి మరింత ముందుకు వెళ్ళింది. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో మొదలుపెట్టిన నవలా పరంపరలో జేమీ లానిస్టర్ తన గుట్టు దాచుకోవడానికి ఒక పసివాణ్ణి గోపురం మీద నుంచి తోసేస్తాడు. ఇతనే అంతకుముందు, కాపాడతానని ప్రమాణం చేసిన రాజును చంపాడు. ఆ రాజు నగరాన్ని తగలబెట్టమన్నాడు గనక. లోకం అతన్ని ద్రోహి అంటున్నది ఆ మేలు చేసినందుకే. ఈ కారణం మూడో సంపుటంలో తెలిశాక పాఠకుడు మెత్తబడతాడు. కాని పసివాడి కాళ్ళు తిరిగి రావు. రచయిత కారణం చెప్పాడు, క్షమాపత్రం ఇవ్వలేదు. ఈ రెంటి తేడాలోనే పాత్ర బలమంతా ఉంది.

ఇవాళ మన యువ రచయితలు కొందరు అద్భుత నవలల వైపు మళ్ళుతున్నారు. ఆహ్వానించవలసిందే. అయితే మంచీచెడూ కలిసిన నాయకుడంటే కత్తికి నెత్తురు, నోటికి చమత్కారం ఉంటే చాలుననుకోవడం పొరపాటు. అందరూ అంతేలే అని చేతులు దులుపుకునే నవల పీడకుడికే అక్కరకొస్తుంది. తేడాలు చెరిగిపోతే లాభం అతనికే. రాయబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మనిషిని ఈ పనికి నెట్టిన పరిస్థితి ఏది, దాన్ని కల్పించింది ఎవరు? అతను పొందిన శక్తికి మూల్యం చెల్లించింది ఎవరు? చివరకు నేరం అతని పద్దులోనే ఉందా, శాపం మీదకూ విధి మీదకూ నెట్టేశామా?

ఈ మూడింటికీ జవాబు ఉన్న నవలలో ఎన్ని రాక్షసులున్నా అది వాస్తవిక సాహిత్యమే. ఆ లెక్కన తోటరాముడి కథ ఇంకా పూర్తి కాలేదు. ప్రతిమ అందుకున్న రాత్రి అతనికి నిద్ర పట్టిందా లేదా అన్నది ఎవరైనా రాయాలి. ఐశ్వర్యం తెమ్మన్న రాజుకు పట్టిందా అన్నదీ రాయాలి.