దేవి శ్రీ ప్రసాద్

దేవి శ్రీ ప్రసాద్ (జననం: 1979 ఆగస్టు 2) ప్రముఖ తెలుగు సినిమా సంగీత దర్శకుడు, గాయకుడు, గీత రచయిత. అభిమానులు ఇతనిని డి.ఎస్.పి. అని, రాక్‌స్టార్ అని పిలుస్తారు. హుషారైన నృత్యగీతాలకు ఇతడు పేరొందాడు. తెలుగులో పుట్టిన ఇతని దరువులు కొన్ని హిందీ చిత్రాలలోనూ వినిపించాయి.

కుటుంబ నేపథ్యం, శిక్షణ

దేవి శ్రీ ప్రసాద్ స్వస్థలం పూర్వపు తూర్పు గోదావరి జిల్లాలో రామచంద్రపురం సమీపాన ఉన్న వెదురుపాక. తండ్రి గొర్తి సత్యమూర్తి సినీ రచయిత. పెదరాయుడు (1995) చిత్రానికి పనిచేశాడు. తల్లి శిరోమణి. తమ్ముడు సాగర్ గాయకుడు. తండ్రి వృత్తిరీత్యా కుటుంబం చెన్నైలో స్థిరపడింది.

బాల్యంలోనే ఇతడు మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ వద్ద శిష్యరికం చేశాడు. శ్రీనివాస్ పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించినవాడు. పాశ్చాత్య వాద్యమైన మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. శాస్త్రీయ సంగీతాన్ని ఇటువంటి గురువు వద్ద అభ్యసించిన శిష్యుడు ఆ తరువాత కీబోర్డు, డ్రమ్స్ ప్రధానంగా సాగే సినిమా పాటలతో పేరు తెచ్చుకోవడం విశేషం.

సినీరంగ ప్రవేశం

1999లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో ఎం.ఎస్.రాజు నిర్మించిన దేవి చిత్రంతో ఇతడు సంగీత దర్శకుడయ్యాడు. అప్పటికి ఇతని వయసు 19 సంవత్సరాలు. ఆనందం (2001), మన్మథుడు (2002) చిత్రాలతో గుర్తింపు లభించింది. వర్షం (2004), నువ్వొస్తానంటే నేనొద్దంటానా (2005) చిత్రాలకు ఫిలింఫేర్ పురస్కారాలు అందుకున్నాడు.

నృత్యగీతాలు

2004లో వచ్చిన ఆర్య చిత్రంతో దర్శకుడు సుకుమార్‌తో ఇతని అనుబంధం మొదలైంది. సుకుమార్ కోనసీమలోని మట్టపర్రు గ్రామస్థుడు. అక్షరాలకు ఊళ్ళ పేర్లను జోడిస్తూ సాగే "ఆ అంటే అమలాపురం" ఈ చిత్రంలోనిదే. ఈ పాట 2012లో మాక్సిమం అనే హిందీ చిత్రంలో అదే పేరుతో మళ్ళీ వచ్చింది. ఆ విధంగా కోనసీమ పట్టణం పేరు హిందీ ప్రేక్షకులకు కూడా వినిపించింది.

ఆర్య 2 (2009) లోని "రింగ రింగ" పాట బాణీ 2011లో హిందీ చిత్రం రెడీలో "ధింక చిక"గా మారింది. ఇటువంటి పాటలలో పొట్టి ధ్వనిపదం ఒకటి పల్లవిలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. దానికి ప్రత్యేకమైన అర్థం ఉండనక్కరలేదు కనుక భాష మారినా పాట పట్టు సడలదు. ఎక్కువ మార్పు చరణాల సాహిత్యంలోనే అవసరమవుతుంది.

పుష్ప (2021) లో చంద్రబోస్ రచించిన "ఊ అంటావా" పాటను తెలుగులో ఇంద్రావతి చౌహాన్ పాడింది. ఈ పాట అయిదు భాషలలో విడుదలై ఆదరణ పొందింది. ప్రత్యేక నృత్యగీతాలు స్త్రీని కేవలం చూపులకు వస్తువుగా నిలుపుతాయన్న విమర్శ చాలాకాలంగా ఉంది. ఈ పాటలో మాత్రం స్త్రీ పురుషుల చూపునే ప్రశ్నిస్తుంది. దీనిపై ఒక పురుషుల సంఘం అభ్యంతరం తెలిపింది.

గురువు, తండ్రి మరణం

2014 సెప్టెంబరులో శ్రీనివాస్ మరణించాడు. 2015 డిసెంబరులో తండ్రి సత్యమూర్తి కన్నుమూశాడు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఇతని సంగీతంతో సన్నాఫ్ సత్యమూర్తి విడుదలైంది. అందులో కథానాయకుని తండ్రి పేరు కూడా సత్యమూర్తే. తండ్రి మరణించిన మరుసటి నెలలో, అనగా 2016 జనవరిలో, నాన్నకు ప్రేమతో చిత్రం వచ్చింది. తండ్రీకొడుకుల అనుబంధమే కథాంశమైన ఈ చిత్రంలోని శీర్షిక గీతాన్ని ఇతడే వ్రాసి, తమ్మునితో కలిసి పాడాడు.

జాతీయ పురస్కారం

గోదావరి గ్రామ నేపథ్యంలో సాగే రంగస్థలం (2018) చిత్రానికి కూడా ఇతడే సంగీతం అందించాడు. పుష్ప పాటలకు 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో (2023లో ప్రకటన) ఉత్తమ సంగీత దర్శకునిగా ఎంపికయ్యాడు. అదే ఏడాది నేపథ్య సంగీత విభాగంలో ఆర్.ఆర్.ఆర్. చిత్రానికి ఎం.ఎం.కీరవాణికి పురస్కారం లభించింది. కీరవాణి జన్మస్థలం కొవ్వూరు. జాతీయ స్థాయిలో సంగీత దర్శకత్వానికి ఇచ్చే రెండు పురస్కారాలూ ఆ యేడు గోదావరి ప్రాంతపు మూలాలున్నవారికే దక్కాయి.

2024లో విడుదలైన పుష్ప 2 చిత్రానికి కూడా ఇతడే పాటలు కూర్చాడు. నేపథ్య సంగీతంలో కొంత భాగాన్ని సామ్ సి.ఎస్. అందించాడు.