మాంసకృత్తుల గిరాకీ: లెక్క మించితే లాభమా, నష్టమా?

తణుకు: ఈ ప్రాంతంలో గుడ్ల వ్యాపారం కాలాన్ని బట్టి నడుస్తుంది. కార్తీకంలో స్థానిక వాడకం పలచబడుతుంది. చలి ముదిరేకొద్దీ బెంగాల్, బీహార్, అస్సాం వైపు నుంచి కొనుగోళ్లు పుంజుకుంటాయి. ఎండలు హెచ్చితే కోడి దాణా తగ్గిస్తుంది, గుడ్డు నిలవదు. ఈ హెచ్చుతగ్గులు ఇక్కడి వర్తకులకు కొత్త కాదు. అయితే కొంతకాలంగా ఋతువుతో నిమిత్తం లేని గిరాకీ ఒకటి కనబడుతున్నది. అది ఆరోగ్యం పేరిట వచ్చిన గిరాకీ. అన్నం తగ్గించి గుడ్లు, కోడిమాంసం, చేపలు, పనీరు, ప్రొటీను పొడి పెంచాలన్న ప్రచారం పట్టణాలలో బాగా పాకింది. వ్యాయామం చేసే కుర్రవాళ్లతో మొదలై, బరువు తగ్గాలనుకునే నడివయసు వారి వరకు వచ్చింది.

ఈ గిరాకీ నిలుస్తుందా, దీనిని నమ్మి సరుకు పెంచవచ్చునా అన్నది వర్తకుల ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే మాంసకృత్తులను శరీరం ఎంతవరకు వాడుకుంటుందో, మించినదానిని ఏమి చేస్తుందో ముందుగా తెలుసుకోవలసి ఉన్నది.

కోడికి ఉన్న లెక్క

ఈ విషయం గోదావరి జిల్లాల కోళ్ల రైతులకు, దాణా వ్యాపారులకు వేరే చెప్పనక్కరలేదు. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో మాంసకృత్తులు నూటికి 16 నుంచి 18 వంతుల వరకు ఉండేలా మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు కలుపుతారు. అంటే రోజుకు 18 గ్రాముల చిల్లర మాంసకృత్తులు కోడి కడుపులో పడితే, గుడ్డులో తిరిగి వచ్చేది ఆరు గ్రాముల పైచిలుకు. మిగిలినదానిలో కొంత కోడి శరీర పోషణకు పోతుంది, తక్కినది పెంటలో పోతుంది.

సోయా చెక్క పాళ్లు ఇంకా పెంచితే గుడ్లు పెరుగుతాయా? పెరగవు. దాణా ఖర్చు పెరుగుతుంది, పెంట తడిగా మారుతుంది, షెడ్డులో అమ్మోనియా ఘాటు లేస్తుంది. మరీ మించితే కోడి మూత్రపిండాల మీద బరువు పడుతుంది. కోళ్లలో వచ్చే గౌట్‌కు కాల్షియం ఎక్కువ కావడం, నీరు చాలకపోవడం, కొన్ని వైరస్‌లు సోకడం కారణాలు. మాంసకృత్తులు హద్దు దాటడం కూడా ఆ జాబితాలోనిదే.

కొల్లేటి చుట్టుపక్కల కైకలూరు, ఆకివీడు చెరువులలోనూ ఇదే సంగతి. రంధ్రాలు పెట్టిన సంచులలో తవుడు, చెక్క నింపి గడలకు కట్టి శీలావతి, బొచ్చెలకు మేపుతారు. చేప తినగలిగినదానికన్నా ఎక్కువ వేస్తే బరువు రాదు, నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. కోడికి, చేపకు మాంసకృత్తులను గ్రాములతో తూచి వేసే ప్రాంతం ఇది. మనిషి విషయంలో మాత్రం ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న మాటకు చెవి ఒగ్గుతున్నాము.

మనిషికి ఎంత కావాలి?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఆరోగ్యవంతుడైన పెద్దవాడికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. 60 కిలోల మనిషికి ఇది 50 గ్రాములు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇంకా కావాలి. ఎదిగే పిల్లలకు కిలోకు ఇంతని చూస్తే పెద్దలకన్నా ఎక్కువే కావాలి. జబ్బు నుంచి కోలుకుంటున్నవారికి, వయసు మళ్లిన వారికి కూడా కొంత హెచ్చుగా అవసరపడుతుంది.

ఈ 50 గ్రాములు ఎలా వస్తాయో చూద్దాము. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకుని తింటే సుమారు 30 గ్రాములు. 50 గ్రాముల కందిపప్పు నుంచి 11 గ్రాములు. ఒక గుడ్డు నుంచి ఆరు గ్రాములు. పావు లీటరు పాలు లేదా పెరుగు నుంచి ఎనిమిది గ్రాములు. మొత్తం 55. అంటే అన్నంలో పప్పు, గుడ్డు, పెరుగు ఉన్న ఇంట్లో లోటు లేదు. పప్పు అన్నం కలయికలో ఇంకొక మేలు ఉన్నది. బియ్యపు మాంసకృత్తులలో లైసీన్ తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. మొక్కజొన్నకు సోయా చెక్క జోడించే సూత్రమూ ఇదే.

లోటు ఉన్నది ఎవరికంటే, చారు మెతుకులతో రోజు గడిపేవారికి. వారికి బియ్యం నుంచి 30 గ్రాములు వస్తే, ఆ పైన వచ్చేది స్వల్పం. ఇక ప్రచారంలో ఉన్న పద్ధతిలో కిలోకు రెండు గ్రాముల చొప్పున తినాలనుకునేవారికి రోజుకు 120 గ్రాములు కావాలి. పది గుడ్ల తెల్లసొన, పావుకిలోకు కాస్త తక్కువ కోడిమాంసం, రెండు చెంచాల పొడి కలిస్తే అంత అవుతుంది.

మించితే జరిగేది

పిండి పదార్థం మిగిలితే శరీరం కొంత నిలవ చేసుకోగలదు, క్రొవ్వును ఎంతయినా దాచుకోగలదు. మాంసకృత్తులకు మాత్రం శరీరంలో గోదాము లేదు. ఆ రోజు అవసరానికి మించి వచ్చినదానిని శరీరం విడగొడుతుంది. అందులోని నత్రజనిని కాలేయం యూరియాగా మారిస్తే, మూత్రపిండాలు దానిని వడకట్టి బయటకు పంపుతాయి. మిగిలిన భాగం శక్తిగా ఖర్చవుతుంది, లేకుంటే క్రొవ్వుగా చేరుతుంది. ఖరీదైన టేకు కలపను తెచ్చి పొయ్యిలో పెట్టినట్లన్న మాట.

ఇందులో మేలు లేదని కాదు. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనం ఆకలిని త్వరగా తీరుస్తుంది, కొన్ని నెలల పాటు బరువు తగ్గడానికి తోడ్పడుతుంది. బరువులెత్తి వ్యాయామం చేసేవారికి కండ పెరగడానికీ ఉపకరిస్తుంది. అయితే 49 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2018లో ప్రచురించిన ఒక సమీక్షలో, కిలోకు 1.6 గ్రాములు దాటిన తరువాత కండకు చెప్పుకోదగిన అదనపు లాభం కనబడలేదు.

కీడు ఎవరికన్నది ముఖ్యం. మూత్రపిండాలు బాగున్నవారికి కొద్ది కాలం ఎక్కువ మాంసకృత్తులు తిన్నందువల్ల హాని జరిగినట్లు గట్టి ఆధారం లేదు. అయితే వాటి వడపోత పని పెరుగుతుంది. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్నవారిలో ఈ అదనపు బరువు జబ్బును త్వరగా ముదిరేలా చేయగలదు. అందుకే వారికి వైద్యులు మాంసకృత్తులు తగ్గించి పెడతారు. డయాలిసిస్ మొదలైన తరువాత మాత్రం పెంచమంటారు. ఈ తేడా తెలియక సొంత వైద్యం చేసుకుంటే రెండు వైపులా ప్రమాదమే.

మూత్రపిండాల జబ్బుకు పెద్ద కారణాలు మధుమేహం, రక్తపోటు. ఆ జబ్బు చాలాకాలం బయటకు కనబడదు. ఉదయం నుంచి రాత్రి వరకు దుకాణంలో కూర్చుని పనిచేసే వర్తకులలో ఈ రెండూ ఎంత మామూలో చెప్పనవసరం లేదు. బరువు తగ్గాలని ఇటువంటి ఆహారానికి దిగేవారూ ఎక్కువగా వీరే. ముందుగా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవడం వల్ల ఖర్చు స్వల్పం, రక్షణ ఎక్కువ. మాంసం, చేపలు మోతాదు మించితే యూరిక్ ఆమ్లం పెరిగి గౌట్ నొప్పులు, కొందరిలో మూత్రపిండాలలో రాళ్లు రావచ్చు. అన్నం, కూరలు, పండ్లు మానినవారికి పీచు చాలక మలబద్ధకం పట్టుకుంటుంది.

పొడి డబ్బాల సంగతి

జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో కండ పెంచుకోవడానికి ప్రొటీను పొడులు వాడవద్దని స్పష్టంగా చెప్పింది. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఎముకలలో ఖనిజాలు తగ్గడం, మూత్రపిండాలు చెడడం వంటి ప్రమాదాలు ఉన్నాయన్నది. చక్కెర, కృత్రిమ తీపి పదార్థాలు కలిసే అవకాశాన్నీ ప్రస్తావించింది.

సరుకు నాణ్యత విషయం ఇంకా చిక్కు. ప్రయోగశాలలో సాధారణంగా మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తారు. ఈ లెక్కలో ఉన్న సందు దాణా వర్తకులకు తెలిసినదే. తవుడులోనో చేపపొడిలోనో యూరియా కలిపితే కాగితం మీద మాంసకృత్తుల శాతం పెరుగుతుంది, కోడికి మాత్రం ఏమీ అందదు. చైనాలో 2008లో పాలపొడికి మెలమిన్ కలిపి ఇదే మోసం చేశారు. సుమారు మూడు లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. వారిలో చాలామందికి మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడ్డాయి, ఆరుగురు మరణించారు.

మన దేశంలో అమ్ముడయ్యే 36 రకాల ప్రొటీను పొడులను కేరళకు చెందిన వైద్య బృందం పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించింది. పదింటిలో దాదాపు ఏడు డబ్బాల మీద రాసిన మాంసకృత్తుల లెక్క, లోపలి సరుకు సరిపోలలేదు. కొన్నింటిలో రాసినదానిలో సగమే ఉన్నది. కొన్నింటిలో అఫ్లాటాక్సిన్ కూడా బయటపడింది. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క విషయంలో మన దాణా మిల్లులు భయపడే విషమే ఇది. వీటి పక్కన పెట్టి చూస్తే గుడ్డు, కందిపప్పు, చేప కొనేవారికి సరుకు కళ్లెదుటే ఉంటుంది. కల్తీకి ఆస్కారం తక్కువ.

వెనుకటి అనుభవం

మాంసకృత్తుల పేరిట ప్రపంచ మార్కెట్టు ఉద్రేకపడడం ఇది మొదటిసారి కాదు. ప్రపంచానికి మాంసకృత్తుల కరువు ముంచుకొస్తున్నదని 1968లో ఐక్యరాజ్యసమితి నివేదిక హెచ్చరించింది. చేపల నుంచి, ఆకుల నుంచి, పెట్రోలియం మీద పెంచిన సూక్ష్మజీవుల నుంచి మాంసకృత్తులు తీయాలని పెద్ద పథకాలు వేశారు. అయితే పేద పిల్లలకు తక్కువైనది మాంసకృత్తులు మాత్రమే కాదని, అసలు తిండే చాలడం లేదని, తినేదే కడుపునిండా పెడితే చాలావరకు లోటు తీరుతుందని హైదరాబాద్‌లో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు వాదించి చూపారు. అంతర్జాతీయ నిపుణుల సంఘం 1973లో మాంసకృత్తుల అవసరాన్ని తగ్గించి లెక్కకట్టింది. కరువు మాట చల్లారింది, ఆ పథకాలలో అనేకం మూలపడ్డాయి.

అమెరికాలో 1976లో ఒక పుస్తకం పుణ్యమా అని ద్రవరూపంలోని ప్రొటీను మీదనే బతుకుతూ బరువు తగ్గే పద్ధతి విపరీతంగా వ్యాపించింది. తోళ్లు, స్నాయువుల నుంచి తీసిన నాసిరకం సరుకు అది. గుండె లయ తప్పడం వంటి కారణాలతో సుమారు అరవై మరణాలు నమోదైన తరువాత గిరాకీ కూలిపోయింది.

గుడ్డు కూడా ఇటువంటి మలుపులు చూసింది. కొలెస్ట్రాల్ భయంతో వారానికి మూడు పచ్చసొనలు మించవద్దని అమెరికా హృద్రోగ సంఘం 1968లో సలహా ఇచ్చింది. రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అన్న హద్దును 2015-20 కాలపు అమెరికా ఆహార సూచనలలో తీసివేశారు. ఆ నడుమ ఇక్కడ వ్యాపారాన్ని నిలబెట్టినది ఆరోగ్యపు మోజు కాదు. 1982లో డాక్టర్ బి.వి. రావు చొరవతో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడి రైతు తన ధర తాను చెప్పుకోగలగడం, గుడ్డును మామూలు ఇంటి వంటగా ప్రచారం చేయడం.

వర్తకులు గమనించవలసినది

మోజుతో వచ్చిన గిరాకీ మోజుతోనే పోతుంది. రోజుకు పది తెల్లసొనలు తినేవాడు ఆరు నెలలకు మానివేయవచ్చు, వైద్యుడు మాన్పించవచ్చు. వారానికి రెండు గుడ్ల నుంచి నాలుగుకు పెరిగిన కుటుంబం మాత్రం వెనక్కు తగ్గదు. 2024 సూచనలలో రెండు వేల కెలొరీల భోజనానికి పప్పు, గుడ్డు, మాంసం, చేపలన్నీ కలిపి రోజుకు 85 గ్రాములుగా చెప్పారు. ఈ కొలతకు చేరని పళ్లాలు ఇంకా లెక్కలేనన్ని ఉన్నాయి. మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు చేర్చడం ఈ రకమైన గిరాకీయే. దీనివల్ల పిల్లలకు ఆరోగ్యం, రైతుకు నిలకడైన కొనుగోలు రెండూ సమకూరుతాయి.

కనుక లోటు ఉన్న చోటికి సరుకు చేర్చే వ్యాపారం దీర్ఘకాలం నిలిచేది. ఇప్పటికే సరిపడా తింటున్నవారిచేత రెట్టింపు తినిపించడం మీద లెక్కవేసి షెడ్లు కట్టడం, నిలవలు పెంచడం, అప్పు తేవడం జూదం వంటిది. గుడ్డు నిలవ ఉండే సరుకు కాదు. గిరాకీ తగ్గిన వారంలోనే ధర పడుతుంది, దాణా ఖర్చు మాత్రం తగ్గదు. కొనేవారికి చెప్పవలసిన మాట కూడా ఇదే: పప్పు, గుడ్డు, చేప, పెరుగు వంతులవారీగా తినండి, అన్నం కూర మానకండి, మధుమేహమో రక్తపోటో ఉంటే మోతాదు పెంచేముందు పరీక్ష చేయించుకోండి. ఆరోగ్యంగా ఉన్న వాడుకదారుడు పదేళ్లు కొంటాడు. ఈ లెక్క వర్తకులకు తెలియనిది కాదు.