ఊపిరికి వాకిలి

ఖమ్మంనుండి భద్రాచలం అడవులవైపు సాగిన సీమలో ఇల్లెందు ఉన్నది. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఈ ప్రాంతమున బొగ్గును కనుగొన్నాడు. 1889లో తవ్వకము మొదలైనది. గనిలో నిప్పు పుట్టినపుడు మంటకన్న ముందు పొగయే ప్రాణము తీయును. అందులో చిక్కిన తోటివానిని తెచ్చుటకు పోవువాడు తన గాలిని తానే మోసుకొనిపోవలె.

సముద్రగర్భమున ఈదువారి శ్వాసయంత్రము పుట్టినదీ ఈ అవసరమునుండియే. ఫ్రాన్సు దేశపు గనుల ఇంజనీరు బెన్వా రూకెరోల్ 1860 ప్రాంతమున గనులలోని రక్షకులకొరకు ఒక గాలియంత్రమును కల్పించాడు. నౌకాదళపు ఉద్యోగి దెనెరూజ్ తోడుకాగా అది నీటిలోనికి దిగినది. 1943లో కూస్తో, గాన్యా అనువారు అదే సూత్రమును అధికపీడనపు సిలిండరుకు జతపరచి ‘ఆక్వాలంగ్’ను రూపొందించారు.

అందలి కిటుకు సులభమే. గుండ్రని ఇత్తడి డబ్బీలో రబ్బరుపొర అడ్డముగా ఉండును. ఒకవైపు నీరు, మరొకవైపు గాలి. ఈతగాడు గాలి పీల్చగానే పొర వంగి మీటను నొక్కును, కవాటము తెరచుకొనును. పీల్చుట ఆగగానే మూసుకొనును. లోతు పది మీటర్లు పెరిగినకొలది నీటి ఒత్తిడి ఇంచుమించు ఒక వాతావరణమంత హెచ్చును. గాలియు ఆ ఒత్తిడికి సరిపడునట్లే అందును.

1950 ప్రాంతపు జంటగొట్టముల యంత్రములను నేడు పాశ్చాత్యదేశములలో అభిరుచిగలవారు ఇంటివద్దనే బాగుచేసుకొనుచున్నారు. ఇత్తడి నిలుచును, రబ్బరు చివుకును. అందుచే ముందు భాగములన్నిటిని విడదీసి, ఏది ఎక్కడిదో కాగితముపై గుర్తించుకొందురు. చిలుమును నీరు కలిపిన వెనిగరుతో వదలించి, మంచినీట కడిగి, ఆరబెట్టుదురు. పొర, గొట్టములు, కవాటపు పీఠము కొత్తవి వేయుదురు. మామూలు నూనె తగలనీయరు. అధికపీడనపు ఆక్సిజన్ సోకినచో అది భగ్గుమనవచ్చును.

తరువాతిది అసలు పరీక్ష. పీడనమాపకము ముల్లు ఒకచోట నిలువక మెల్లమెల్లగా పైకి పాకినచో కవాటము కారుచున్నదన్నమాట, మరల విప్పవలసినదే. మెరుగుపెట్టిన ఇత్తడిని చూచి ఇక్కడ మోసపోరాదు. పాతదనము చెడునని చివికిన రబ్బరును ఉంచుకొన్నవాడు యంత్రమును గోడకు తగిలించుకోవచ్చును గాని, నీటిలోనికి మాత్రము కొనిపోరాదు. పొగనిండిన గనిలో కాని, పది నిలువుల నీటి అడుగున కాని, మనిషికి మరొక ఊపిరికి ఎడము ఉండదు.